మీ నియోజకవర్గం ఎన్నికల చరిత్రను మీరే రాయడం ఎలా?

2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు 25 ఓట్ల తేడాతో బొండా ఉమామహేశ్వరరావుపై గెలిచారు. అంతకు ముందు ఎన్నికల్లో మంగళగిరిలో ఆళ్ల రామకృష్ణారెడ్డి గంజి చిరంజీవిపై గెలిచింది 12 ఓట్లతో. ఈ రెండు అంకెలూ మా బెజవాడలో టీకొట్టు దగ్గర నిలబడ్డ ఎవరినడిగినా చెప్పేస్తారు. కానీ సత్యనారాయణపురంలో ఉన్నవాళ్లను "2009కి ముందు సెంట్రల్ ఎమ్మెల్యే ఎవరు?" అని అడిగి చూడండి. ఒకరు ఒక పేరు చెబుతారు, పక్కనున్నాయన కాదంటారు. నిజానికి 2009కి ముందు ఆ నియోజకవర్గమే లేదు. అక్కడి జనం మాత్రం 1952 నుంచీ ఓటేస్తూనే ఉన్నారు. వాళ్ల ఓటు చరిత్రను ఎక్కడ వెతకాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఒక ఎక్సెల్ షీటో, గీతల నోటుబుక్కో దగ్గర పెట్టుకోండి.

ముందు నేల సంగతి

ఫలితాల జోలికి వెళ్లేముందు మీ వీధి, మీ ఊరు ఏ ఎన్నికలో ఏ నియోజకవర్గం కింద ఉందో తేల్చుకోవాలి. దానికి డీలిమిటేషన్ ఉత్తర్వులు, అంటే నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీసిన ఉత్తర్వులు చూడాలి. 1971 జనాభా లెక్కల ఆధారంగా 1976లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం 1978 నుంచి 2004 దాకా ఎన్నికలు జరిగాయి. 2001 లెక్కల ఆధారంగా 2008లో వచ్చినది 2009 నుంచి నడుస్తోంది.

ఆ 2008 మార్పులో మన చుట్టుపక్కల చాలా పేర్లు తారుమారయ్యాయి. నెహ్రూ అని అందరూ పిలిచిన దేవినేని రాజశేఖర్ గెలుస్తూ వచ్చిన కంకిపాడు నియోజకవర్గం పోయింది. పెనమలూరు, విజయవాడ సెంట్రల్ కొత్తగా పుట్టాయి. గుంటూరు 1, గుంటూరు 2 పోయి గుంటూరు తూర్పు, గుంటూరు పశ్చిమ వచ్చాయి. కాబట్టి పాత గుంటూరు 2 విజేతల పేర్లను పశ్చిమ కింద అతికించేస్తే అది చరిత్ర అవ్వదు. పేరు మారనిచోట కూడా ఇంతే జాగ్రత్త కావాలి. విజయవాడ తూర్పు పేరు అలాగే ఉన్నా దాని హద్దులు అలాగే లేవు. ఉత్తర్వులో ఉండే వార్డు నంబర్లు ఆనాటివి, వాటిని కార్పొరేషన్ ఇప్పటి డివిజన్ నంబర్లతో పోల్చకండి. షీటులో పేరు పక్కన "పాత హద్దులు", "కొత్త హద్దులు" అని ఒక గడి పెట్టుకుంటే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

సంవత్సరాల వరుస

కోస్తా జిల్లాలకు వరుస ఇది: 1952, 1955, 1962, 1967, 1972, 1978, 1983, 1985, 1989, 1994, 1999, 2004, 2009, 2014, 2019, 2024. ఇందులో 1957 లేదు. 1955లో ఆంధ్ర రాష్ట్రానికి ఎన్నికైన సభ్యులే 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభలో కొనసాగారు, 1957లో శాసనసభ ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలోనే జరిగాయి. అలా 1955లో విజయవాడ నుంచి గెలిచిన అయ్యదేవర కాళేశ్వరరావు ఆంధ్రప్రదేశ్ తొలి స్పీకర్ అయ్యారు. ఇక 1952 ఫలితాలు కావాలంటే మద్రాసు రాష్ట్రం నివేదిక తెరవాలి. ఆ రోజుల్లో కొన్ని ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. అలాంటిచోట ఓటర్ల కంటే పోలైన ఓట్లు ఎక్కువ కనిపిస్తే కంగారుపడకండి.

అంకెలు ఎక్కడ దొరుకుతాయి

ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ప్రతి శాసనసభ ఎన్నికకూ గణాంక నివేదిక పీడీఎఫ్‌గా ఉంటుంది. అభ్యర్థులు, పార్టీ, ఓట్లు, శాతం అన్నీ అందులోనే. వెతికేటప్పుడు నంబరును నమ్ముకోకండి. మంగళగిరి ఇప్పుడు 87. ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన 2009, 2014 ఎన్నికల్లో అదే 206, ఎందుకంటే మొదటి 119 నంబర్లు తెలంగాణవి. పేరునూ గుడ్డిగా నమ్మకూడదు. ప్రత్తిపాడు గుంటూరు జిల్లాలో ఒకటుంది, కాకినాడ వైపు ఇంకొకటుంది. జిల్లా చూసుకున్నాకే అంకె దింపుకోండి. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది కాబట్టి పాత కాగితాల్లో విజయవాడ కృష్ణా జిల్లా కిందే ఉంటుంది.

పార్టీ గడి దగ్గర ఆగండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1983 నివేదిక తెరిస్తే స్వతంత్రులు గుట్టలుగా గెలిచినట్టు ఉంటుంది. వాళ్లలో అత్యధికులు తెలుగుదేశం అభ్యర్థులు. 1982లో పుట్టిన పార్టీకి అప్పటికింకా గుర్తింపు లేదు కాబట్టి అలా నమోదయ్యారు. మీ షీటులో నివేదిక ఏం చెప్పిందో ఒక గడిలో, అసలు పార్టీ ఇంకో గడిలో రాయండి. 1978లో రెండు కాంగ్రెస్‌లు కనిపిస్తాయి. ఒకటి ఇందిరా కాంగ్రెస్, రెండోది మన గుంటూరు జిల్లాకు చెందిన కాసు బ్రహ్మానందరెడ్డి అధ్యక్షుడిగా ఉన్నది. రెండింటినీ కలిపి ఒకే వరుసలో వేస్తే ఆ ఎన్నిక అర్థమే మారిపోతుంది. కమ్యూనిస్టులదీ ఇదే సంగతి: 1962 దాకా ఒకే పార్టీ, 1964 చీలిక తర్వాత సీపీఐ, సీపీఎం వేరువేరు.

పొత్తులు కూడా రాసుకోవాలి. 1999లో విజయవాడ తూర్పులో నటుడు కోట శ్రీనివాసరావు బీజేపీ తరఫున గెలిచారు. ఆ ఏడాది అక్కడ తెలుగుదేశం గడి ఖాళీగా ఉంటుంది, పొత్తులో సీటు బీజేపీకి వెళ్లింది కాబట్టి. 2004లో విజయవాడ పశ్చిమలో సీపీఐ నుంచి నాసర్ వలీ గెలిచింది కాంగ్రెస్ పొత్తుతో. 2024లో అదే పశ్చిమలో పొత్తు సీటు బీజేపీకి దక్కి సుజనా చౌదరి గెలిచారు. ఖాళీ గడి చూసి పార్టీకి బలం లేదనుకుంటే పెద్ద పొరపాటు.

గెలిచాక పార్టీ మారినవాళ్లను గెలిచిన పార్టీ కిందే ఉంచండి. జలీల్ ఖాన్ 2014లో పశ్చిమలో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచి తర్వాత తెలుగుదేశంలో చేరారు. ఆ చేరిక గమనికల్లోకి వెళ్లాలి, ఫలితంలోకి కాదు.

ఉప ఎన్నికలకు వేరే నివేదికలుంటాయి, వాటిని వదిలేయకండి. గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో మేకతోటి సుచరిత 2009లో కాంగ్రెస్ నుంచి, 2012 ఉప ఎన్నికలో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచారు. ఉప ఎన్నిక వరుస లేకపోతే ఆ మూడేళ్లలో జరిగిన మార్పు ఎవరికీ కనిపించదు.

తేడాను శాతంలో చూడండి

గెలుపు తేడాను చెల్లిన ఓట్లతో భాగించి వందతో హెచ్చించండి. 1962 నాటి వెయ్యి ఓట్లూ ఇప్పటి వెయ్యి ఓట్లూ ఒకటి కావు. 1989 నుంచి 18 ఏళ్లవాళ్లకు ఓటు హక్కు వచ్చింది, దాంతో ఓటర్ల జాబితా ఒక్కసారిగా పెరిగింది. 2014 నుంచి నోటా వరుస కూడా వేయండి. పన్నెండు ఓట్ల మంగళగిరిలాంటి చోట ఆ వరుస చూడకుండా ముందుకు పోలేం.

అంకెలు పక్కపక్కన పెట్టినప్పుడే మాట్లాడతాయి. మంగళగిరిలో తేడా 2014లో 12, 2019లో 5,337, 2024లో నారా లోకేశ్‌కు 91,413. సెంట్రల్‌లో 2019లో గెలిచినాయనకు వచ్చిన మొత్తం ఓట్లు 70,721. 2024లో బొండా ఉమాకు వచ్చిన ఆధిక్యమే 68,886. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద చూసినప్పుడు నాకు కాసేపు వేరే పని తోచలేదు.

ఇంకా లోతుకు వెళ్లాలంటే ఫారం 20 చూడండి. బూత్ వారీగా ఎవరికెన్ని ఓట్లో అందులో ఉంటుంది. ఇటీవలి ఎన్నికలవి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. బూత్ నంబర్లు ఎన్నికకూ ఎన్నికకూ మారతాయి, బడి పేరును బట్టి పోల్చుకోండి.

చివరగా గ్రంథాలయం, పెద్దవాళ్లు

1985లో విజయవాడ తూర్పు నుంచి వంగవీటి మోహనరంగారావు, 1989లో ఆయన భార్య రత్నకుమారి గెలిచారు. నివేదికలో ఇవి రెండు పేర్లే. ఆ రెంటి మధ్య 1988 డిసెంబర్ 26న రంగా హత్య ఉంది. దాని తర్వాత ఈ ఊరు ఎలా తగలబడిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఇలాంటి సంగతి గమనికల్లో లేకపోతే పట్టికకు ప్రాణం లేనట్టే. పాత పత్రికల కోసం విజయవాడలో రామ్మోహన్ గ్రంథాలయంలో అడగండి, వీలైతే వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లండి. "ఎన్నికల పేపర్లు" అని కాకుండా నెల చెప్పి అడగండి: 1983 జనవరి, 1985 మార్చి, 1989 నవంబర్.

ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. ఎవరికి ఓటేశారని అడగకండి, అది వాళ్ల సొంత విషయం. ఏ బడిలో వేశారో అడగండి. నియోజకవర్గం పేరు మరిచిపోయినా, వరుసలో ఎంతసేపు నిలబడ్డారో, ఆ బడి ఏ సందు చివర ఉండేదో చెబుతారు. ఆ సందు అప్పటి ఏ వార్డులో ఉందో 1976 ఉత్తర్వులో చూస్తే, మొదట్లో ఖాళీగా వదిలేసిన హద్దుల గడి నిండుతుంది.