త్రాటిల్ నొక్కితే ఆగిపోయే ఆర్‌సీ కారు

మా అబ్బాయి ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) కారు త్రాటిల్, అంటే రిమోట్‌లో స్పీడు పెంచే ట్రిగ్గర్, గట్టిగా నొక్కగానే ఆగిపోయేది. స్టీరింగ్ మాత్రం తిరుగుతూనే ఉండేది కాబట్టి రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ మీద అనుమానం లేకుండా పోయింది. షాపులో మోటారు మార్చమన్నారు, కనీసం మీటర్ పెట్టి చూడకుండానే!

రెండు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. మల్టీమీటర్‌లో 8.2 వోల్టులు, అంటే దాదాపు ఫుల్ చార్జి. కానీ మోటారు తిరగనప్పుడు చూపే వోల్టేజీని నమ్మలేం. కారును గోడకు ఆనించి, వాడితో త్రాటిల్ కొద్దిగా నొక్కించి చూశా. బ్యాటరీ బ్యాలెన్స్ పిన్నుల (సెల్స్‌కు నేరుగా కలిపి ఉండే చిన్న పిన్నులు) దగ్గర 7.8, మోటారుకు కరెంటు పంపే స్పీడ్ కంట్రోలర్ దగ్గర ఆరే! బ్యాటరీ అయిపోయిందనుకుని కంట్రోలరే మోటారును ఆపేస్తోందన్నమాట.

ఆ రెండింటినీ కలిపే కనెక్టర్ ముట్టుకుంటే చుర్రుమంది. దాని మీది హీట్‌ష్రింక్ (ప్లాస్టిక్ తొడుగు) కోసి చూస్తే కంట్రోలర్ వైపు ప్లస్ వైరు సోల్డరింగ్ బూడిద రంగులో, గరుకుగా, చుట్టూ సన్నని పగులు. బ్యాటరీ తీసేసి, పాత సోల్డర్ లాగేసి, 60 వాట్ల ఐరన్‌తో మళ్లీ అతికించా. 25 వాట్లది ఇంత లావు వైరుకు చాలదు. ఇప్పుడు ఫుల్ త్రాటిల్‌లోనూ ఆగట్లేదు.