బైకు డిస్క్ బ్రేకు మెత్తబడినప్పుడు సరిచేసుకునే విధానం

ముందు డిస్క్ బ్రేకు లివర్‌ను నొక్కినప్పుడు అది గట్టిగా ఆగకుండా హ్యాండిల్ గ్రిప్పు దాకా మెత్తగా వచ్చేస్తుంటే, చాలామంది మొదట చేసే పని బ్రేక్ ఆయిల్ డబ్బీ కొని పైనున్న గిన్నెను నింపడం. దానివల్ల లివర్ గట్టిపడదు సరికదా, అసలు లోపం మరుగున పడిపోతుంది. డిస్కును పట్టే ప్యాడ్లు అరిగేకొద్దీ, వాటిని నెట్టే పిస్టన్లు ముందుకు జరిగి ఆయిల్‌ను కాలిపర్‌లో (ప్యాడ్లు, పిస్టన్లు ఉండే భాగంలో) నిలుపుకుంటాయి గనుక గిన్నెలో మట్టం మెల్లగా తగ్గడం సహజమే. ఉన్నట్టుండి తగ్గిందంటే మాత్రం ఎక్కడో కారుతున్నదని అర్థం.

కాబట్టి పానా పట్టే ముందు చేతితోనే పరీక్షించాలి. లివర్‌ను వెంటవెంటనే నాలుగైదు సార్లు నొక్కితే గట్టిపడి, కాసేపటికి మళ్లీ మెత్తబడితే పైపులో గాలి చేరిందని అనుమానించాలి. ఒకే ఒత్తిడితో పట్టి ఉంచినప్పుడు లివర్ నెమ్మదిగా లోపలికి దిగిపోతుంటే కారుడైనా ఉండాలి, మాస్టర్ సిలిండర్‌లోని (లివర్ దగ్గర ఆయిల్‌ను నెట్టే భాగంలోని) రబ్బరు సీలైనా అరిగి ఉండాలి. అటువంటి బండిని నడపకుండా మెకానిక్ దగ్గరికి చేర్చడమే మంచిది. లివర్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగడం లేదంటే లోపం ప్యాడ్లది లేదా డిస్కు మీద పడిన నూనెది, దానికి గాలి తీసి ప్రయోజనం లేదు.

ఆయిల్ పాతబడటాన్ని మనం తేలికగా తీసుకుంటాం. డాట్ 3, డాట్ 4 అనే బ్రేక్ ఆయిల్ రకాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. జాతర రోజుల్లో తాడ్వాయి నుంచి మేడారం వెళ్లే రద్దీలో, వెనుక ఇద్దరిని కూర్చోబెట్టుకుని మాటిమాటికీ బ్రేకు వేసే బండిలో, వేడికి ఆ తేమ ఆవిరిగా మారితే లివర్ ఒక్కసారిగా ఖాళీగా తగులుతుంది. అందుకే చూడటానికి బాగానే ఉన్నా ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్చాలి. అది టీ డికాక్షన్ రంగుకు తిరిగితే అంతదాకా కూడా ఆగనక్కరలేదు.

పైపులోని గాలి తీయడానికి నిపుల్‌కు (కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మరకు) సరిపోయే పానా, సన్నని పారదర్శక ట్యూబు, ఒక సీసా, మూత విప్పని కొత్త ఆయిల్ కావాలి. ఏ రకం పోయాలో గిన్నె మూత మీదే రాసి ఉంటుంది. సిలికాన్‌తో చేసే డాట్ 5ను వీటితో కలపరాదు. ఆయిల్ పడితే రంగు లేచిపోతుంది కనుక పెట్రోల్ ట్యాంకు మీద తడి గుడ్డ కప్పి, హ్యాండిల్‌ను గిన్నె సమతలంగా ఉండేలా తిప్పి, మూత తీయాలి. ట్యూబు ఒక కొనను కాలిపర్ నిపుల్‌కు తొడిగి, రెండో కొనను సీసాలోని ఆయిల్‌లో ముంచాలి. లివర్‌ను నొక్కి పట్టి, నిపుల్‌ను పావు చుట్టు వదులు చేసి, ఆయిల్ బయటికి వచ్చాక నిపుల్‌ను బిగించి, ఆ తరువాతే లివర్‌ను వదలాలి. ఈ వరుస తప్పితే బయటి గాలి తిరిగి లోపలికి పోతుంది. బుడగలు ఆగి స్వచ్ఛమైన ఆయిల్ వచ్చే వరకు ఇలాగే చేస్తూ, గిన్నెలో మట్టం కింది గీత దాటి దిగకుండా మధ్యమధ్య పోస్తుండాలి.

ఇంత చేసినా కాస్త మెత్తదనం మిగిలితే, లివర్‌ను గుడ్డతో హ్యాండిల్‌కు కట్టి రాత్రంతా వదిలేయడం పాత చిట్కా; మాస్టర్ సిలిండర్ దగ్గర చిక్కుకున్న చిన్న బుడగలు దానితో చాలాసార్లు పైకి చేరుతాయి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్లలో గాలి ఆ యూనిట్‌లోకి చేరితే చేతితో తీయడం కష్టం కాబట్టి సర్వీసు సెంటర్‌కే తీసుకెళ్లాలి.

వెనుక డ్రమ్ బ్రేకు పని వేరు. అక్కడ రాడ్ చివరి నట్టును బిగిస్తే పెడల్ ఆట తగ్గుతుంది, కానీ చక్రం తిప్పి చూసి షూలు (డ్రమ్ లోపల ఒరిసి ఆపే పట్టీలు) రాసుకోవడం లేదని నిర్ధారించుకోవాలి. బ్రేకు వేసినప్పుడు డ్రమ్ మీది బాణం గుర్తు హద్దు దాటితే షూలు మార్చాల్సిందే. వరి మళ్ల బురదలో తిరిగే బండ్లకు డ్రమ్ విప్పి పొడి గుడ్డతో తుడిపించుకోవాలి.

పని ముగిశాక నిపుల్ చుట్టూ, డిస్కు మీద ఒక్క చుక్క కూడా లేకుండా తుడిచి, బండిని ఖాళీ సందులో నడక వేగంతో నడిపి రెండు బ్రేకులూ చూసుకోవాలి. మరునాడు పొద్దున నిపుల్ దగ్గర తడి కనిపిస్తే ఆ బండితో ములుగు రోడ్డెక్కకూడదు.