లెక్కల సర్వరును క్లౌడ్‌కు తరలించే వ్యాపారులు పాటించవలసిన క్రమం

విజయవాడలో 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు అజిత్‌సింగ్‌నగర్ వైపు ఇళ్లతోపాటు దుకాణాలు, గోదాములు, చిన్న కార్యాలయాలు కూడా రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అటువంటి చోట నేల అంతస్తులో లెక్కల సర్వరునూ, అదే బల్ల మీద బ్యాకప్ హార్డ్‌డిస్కునూ పెట్టుకున్న వ్యాపారికి అసలూ నకలూ ఒకేసారి పోతాయి. ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే సర్వర్లకు, అంటే క్లౌడ్‌కు, మారడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కరలేదు. అయితే ఆ మార్పు ఏ క్రమంలో జరగాలన్నది చాలామంది ఆలోచించరు. ముందు సర్వరును తరలించి, భద్రత సంగతి తరువాత చూద్దామనుకుంటారు. ఈ క్రమం తిరగబడాలి: ఖాతా ఎవరి పేరున ఉంది, ఎవరెవరికి ప్రవేశం ఉంది, నకలు ఎక్కడ ఉంది అన్న మూడు సంగతులు తేలిన తరువాతే మొదటి ఫైలు కదలాలి.

యాభై, అరవై మంది పనిచేసే ఒక మందుల టోకు పంపిణీ సంస్థను దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని వివరిస్తున్నాను. ఆ సంస్థకు ట్యాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేరు, బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు చూసే స్టాకు ప్రోగ్రాము, ఉద్యోగుల మెయిల్, దుకాణదారుల లైసెన్సు నకళ్లు ఉన్న ఫోల్డర్లు ఉంటాయి. ఇతర వ్యాపారాలకు వివరాలు కొంత మారినా క్రమం మారదు.

క్లౌడ్ సంస్థ బాధ్యత ఎక్కడిదాకా

గుంటూరు మిర్చి రైతుకు ఈ విషయాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. శీతల గిడ్డంగిలో టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టినప్పుడు చలువ తగ్గకుండా చూడడం, గోడనూ కప్పునూ కాపాడడం గిడ్డంగి యజమాని పని. రసీదు ఎవరి పేర రాయించాలో, ఎవరి చేతికి ఇవ్వాలో చూసుకోవడం రైతు పని. అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ సంస్థలు అద్దెకిచ్చే సర్వర్లకు కూడా ఒప్పందం ఇలాగే ఉంటుంది. భవనం, విద్యుత్తు, యంత్రాలు, వాటిని కలిపే నెట్‌వర్కు వారి బాధ్యత. అద్దెకు తీసుకున్న సర్వరులోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్‌డేట్లు వేయడం, పాస్‌వర్డులు, అనుమతులు, డేటా మనవి.

దీనికి 2014 జూన్‌లో మూతపడిన కోడ్ స్పేసెస్ కన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. ఇతరుల సాఫ్ట్‌వేరు కోడును భద్రపరచడమే ఆ సంస్థ వ్యాపారం. దుండగులు దాని అమెజాన్ ఖాతా నియంత్రణ ప్యానెల్‌లోకి చొరబడి డబ్బు అడిగారు. సంస్థ తన ఖాతాను తిరిగి చేజిక్కించుకోబోతుండగా సర్వర్లను, డేటాను, బ్యాకప్‌లలో చాలా భాగాన్ని తుడిచేశారు. అమెజాన్ డేటా కేంద్రంలో ఏ లోపమూ లేదు. అసలు డేటా, బ్యాకప్‌లు, వాటిని తుడిచే అధికారం అన్నీ ఒకే ఖాతా కింద ఉండడం వల్లనే ఆ సంస్థకు కోలుకునే దారి లేకపోయింది.

ఏది కదలాలి, ఏది కదలకూడదు

సంస్థలో ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో, ఏ డేటా ఎక్కడ ఉందో, దానిని ఎవరు వాడుతున్నారో ఒక పట్టికలో రాయండి. ఈ పనికి యజమాని, ఎకౌంటెంటు, స్టాకు చూసే వ్యక్తి ముగ్గురూ కలిసి కూర్చోవాలి, ఎందుకంటే ఒక్కొక్కరి కంప్యూటరులో మిగతావారికి తెలియని ఎక్సెల్ ఫైళ్లు తప్పకుండా ఉంటాయి. పట్టిక పూర్తయ్యాక మొదట అవసరం లేని వాటిని తీసేయండి. ఎప్పుడో తీసుకున్న ఆధార్ నకళ్లు, మానేసిన ఉద్యోగుల పత్రాలు చట్టం అడిగేంత కాలం దాటి ఉంచితే ప్రయోజనం లేదు, ప్రమాదం మాత్రం ఉంది.

చట్టం గురించి మూడు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, వ్యక్తుల సమాచారానికి తగిన భద్రత కల్పించకపోవడం వల్ల అది బయటికి పొక్కితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. డేటా క్లౌడ్‌లో ఉన్నంత మాత్రాన ఆ బాధ్యత క్లౌడ్ సంస్థ మీదికి పోదు. మీది కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థ అయితే, ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే లెక్కల పుస్తకాల బ్యాకప్‌ను ప్రతిరోజూ భారతదేశంలోనే ఉన్న సర్వరులో భద్రపరచాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి, ప్రతి పద్దులో జరిగిన మార్పునూ నమోదు చేసే సదుపాయం ఉన్న లెక్కల సాఫ్ట్‌వేరునే వాడాలి. మూడవది, సైబర్ దాడి వంటి సంఘటన జరిగితే, దానిని గమనించిన 6 గంటలలోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగమైన సెర్ట్‌-ఇన్‌కు తెలియజేయాలని, సిస్టమ్ లాగ్‌లను (ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటరు రాసుకునే నమోదులను) 180 రోజులపాటు ఉంచాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. మీ సంస్థకు వీటిలో ఏది ఎంతవరకు వర్తిస్తుందో ఆడిటరు చేత రాతపూర్వకంగా చెప్పించుకోవడం మంచిది.

డేటాను దేశంలోనే ఉంచడం ఇప్పుడు కష్టమేమీ కాదు. అమెజాన్‌కు 2016 నుంచి ముంబయిలో, 2022 నుంచి హైదరాబాద్‌లో, మైక్రోసాఫ్ట్‌కు పుణె, చెన్నైలలో, గూగుల్‌కు ముంబయి, ఢిల్లీలలో డేటా కేంద్రాలు ఉన్నాయి. ఖాతా తెరిచి మొదటి సర్వరు సృష్టించేటప్పుడే ఈ ప్రాంతాన్ని ఎంచుకోవాలి. చూసుకోకుండా ముందుకు వెళితే తెరమీద అప్పటికే ఎంపికై ఉన్న ఏ అమెరికా కేంద్రంలోనో డేటా పడవచ్చు. తరువాత మార్చాలంటే మళ్లీ తరలింపు పనే.

ఇక ఏ రకం సేవ అన్న ప్రశ్న. సొంతంగా సర్వరు అద్దెకు తీసుకొని నడపడం చిన్న సంస్థకు తగిన పని కాదని నా అభిప్రాయం. మెయిల్‌కు, ఫైళ్లకు గూగుల్ వర్క్‌స్పేస్ లేదా మైక్రోసాఫ్ట్ 365 వంటి సిద్ధమైన సేవ తీసుకుంటే అప్‌డేట్ల భారం వారిదే అవుతుంది. లెక్కలకు, స్టాకుకు నేరుగా బ్రౌజరులో నడిచే సేవ దొరకనప్పుడే సర్వరు గురించి ఆలోచించాలి.

ఖాతా, ప్రవేశం

ఈ భాగం మీద ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. క్లౌడ్ ఖాతా సంస్థ పేరున, సంస్థ జీఎస్టీ నంబరుతో, సంస్థ మెయిల్ చిరునామాతో ఉండాలి. మన ఊళ్లలో సాధారణంగా జరిగేది మరోలా ఉంటుంది: సాఫ్ట్‌వేరు అమర్చడానికి వచ్చిన కుర్రవాడు తన మెయిల్‌తో, తన ఫోను నంబరుతో ఖాతా తెరుస్తాడు, యజమాని నెలనెలా డబ్బు చెల్లిస్తాడు. ఆ కుర్రవాడు ఊరు మారినా, నంబరు మార్చినా, మీతో మాట పట్టింపు వచ్చినా మీ లెక్కల మీద మీకు అధికారం ఉండదు. వెబ్‌సైట్ డొమైన్ పేరు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం, ఎందుకంటే డొమైన్ ఎవరి చేతిలో ఉంటే మెయిల్, దాని ద్వారా పాస్‌వర్డు మార్చుకునే అధికారం వారి చేతిలో ఉన్నట్లే.

ఖాతా తెరిచినప్పుడు వచ్చే రూట్ లాగిన్‌కు అన్ని అధికారాలూ ఉంటాయి. దానికి పొడవైన పాస్‌వర్డు పెట్టి, పాస్‌వర్డు తరువాత మరో రుజువు అడిగే రెండో అంచె ధ్రువీకరణ జోడించి, రోజువారీ పనికి వాడకుండా పక్కన పెట్టాలి. రెండో అంచెకు ఎస్సెమ్మెస్ ఓటీపీ కన్నా ఆథెంటికేటర్ యాప్ మేలు, దానికన్నా కంప్యూటరుకు గుచ్చే చిన్న పరికరమైన యూఎస్‌బీ భద్రతా కీ మేలు. సిమ్ కార్డుకు నకలు తీయించి ఓటీపీలు కాజేసే మోసాలు మన దగ్గర కొత్త కాదు. భద్రతా కీలు రెండు కొని, ఒకటి యజమాని దగ్గర, మరొకటి బ్యాంకు లాకరులో ఉంచితే ఒకటి పోయినా పని ఆగదు. రెండో అంచె లేకపోవడం ఎంత ఖరీదైన లోపమో 2024లో లోకమంతా చూసింది. స్నోఫ్లేక్ అనే డేటా సేవను వాడుతున్న సుమారు 165 సంస్థల ఖాతాలు ప్రమాదంలో పడ్డాయి. దుండగులు ఎప్పుడో దొంగిలించిన పాస్‌వర్డులతోనే అడ్డూ ఆపూ లేకుండా లోపలికి వెళ్లగలిగారు.

ప్రతి ఉద్యోగికీ విడి లాగిన్ ఇవ్వండి. ‘అడ్మిన్’ అనే ఒకే పేరును నలుగురు పంచుకుంటే, తప్పు జరిగినప్పుడు ఎవరు చేశారో తేలదు, ఒకరు మానేసినప్పుడు పాస్‌వర్డు మార్చడం ఎవరికీ గుర్తుండదు. బిల్లింగ్ చేసేవారికి బిల్లింగ్, గోదాములో వారికి స్టాకు చూసే అధికారం చాలు. ఉద్యోగి మానేసిన రోజునే, చివరి జీతం లెక్క చూసేటప్పుడే, లాగిన్ రద్దు కావాలి; ఆ పని ఎవరిదో పేరు రాసి పెట్టండి. సాఫ్ట్‌వేరు రాసేవారికి ఇచ్చే యాక్సెస్ కీలను (ప్రోగ్రాములు క్లౌడ్‌లోకి వెళ్లడానికి వాడే రహస్య సంకేతాలను) కోడులో రాయనివ్వకండి. 2016లో ఊబర్ ఇంజినీర్లు కోడు దాచుకునే గిట్‌హబ్ అనే సేవలో దొరికిన కీతోనే దుండగులు దాదాపు 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలను తీసుకుపోయారు.

ట్యాలీని క్లౌడ్ సర్వరులో పెట్టి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా, అంటే ఆ సర్వరు తెరను తమ కంప్యూటరులో తెరిచి, వాడేవారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును (సర్వరులోకి వచ్చే నంబరు ద్వారాన్ని) ఇంటర్నెట్ మొత్తానికి తెరిచి ఉంచడం, ఫైళ్లను బిగించి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ ముఠాలకు బాగా అలవాటైన దారి. పోర్టు నంబరు మార్చితే సరిపోతుందని కొందరు చెబుతారు, సరిపోదు. సర్వరును వీపీఎన్ (గుర్తింపు ఉన్నవారికే తెరుచుకునే ప్రైవేటు దారి) వెనక ఉంచి, రెండో అంచె ధ్రువీకరణ దాటినవారికే లోపలికి దారి ఇవ్వాలి. సర్వరు అమర్చేవారిని మొదట అడగవలసిన ప్రశ్న ఇదే, దీనికి సరైన జవాబు రాకపోతే వేరొకరిని చూసుకోవడం ఉత్తమం.

బ్యాకప్

క్లౌడ్‌లో ఉంది కదా, బ్యాకప్ ఎందుకన్న మాట తరచుగా వినిపిస్తుంది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ డేటా కేంద్రం కాలిపోయినప్పుడు, వేరే చోట నకలు లేని ఖాతాదారుల డేటా శాశ్వతంగా పోయింది. 2024 మేలో ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్‌కు ఇంకా విచిత్రమైన పరిస్థితి ఎదురైంది: గూగుల్ వైపు జరిగిన ఒక అమరిక లోపం వల్ల ఆ సంస్థ ప్రైవేట్ క్లౌడ్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. మరొక సంస్థ దగ్గర కూడా బ్యాకప్ ఉంచుకున్నందువల్ల ఆరు లక్షలకు పైగా సభ్యులున్న ఆ నిధి కొద్ది రోజుల్లో కోలుకోగలిగింది.

కాబట్టి మూడు ప్రతులు, రెండు వేర్వేరు మాధ్యమాలు, ఒకటి వేరే చోట అనే పాత నియమం క్లౌడ్‌లోనూ చెల్లుతుంది. దానికి ఇంకొకటి కలపండి: ఒక ప్రతి వేరే ఖాతాలో, వేరే లాగిన్‌తో, నిర్ణీత గడువు దాకా ఎవరూ తుడవలేని విధంగా ఉండాలి. పెద్ద క్లౌడ్ సంస్థలన్నీ ఈ సదుపాయం ఇస్తున్నాయి. కోడ్ స్పేసెస్‌కు అటువంటి ప్రతి ఒక్కటి ఉంటే కథ వేరుగా ఉండేది.

బ్యాకప్ ఎంత తరచుగా తీయాలన్నది వ్యాపారమే నిర్ణయిస్తుంది. సాయంత్రం నాలుగింటికి సర్వరు పోతే ఆనాటి బిల్లులన్నీ చేతితో మళ్లీ ఎక్కించగలరా? ఎక్కించలేకపోతే రాత్రి తీసే బ్యాకప్ చాలదు, గంట గంటకూ తీయాలి. కనీసం మూడు నెలలకొకసారి ఒక ఖాళీ సర్వరులో బ్యాకప్‌ను తెరిచి, గత నెల ట్రయల్ బ్యాలెన్సు సరిపోతోందో లేదో ఎకౌంటెంటు చేత చూపించండి. అలా తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకూడదు.

తరలింపు

మొదట మెయిల్, తరువాత ఫైళ్లు, చివరగా లెక్కలు, స్టాకు. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చిలో, జీఎస్టీఆర్-1 దాఖలు చేసే 11వ తేదీకి, జీఎస్టీఆర్-3బీ దాఖలు చేసే 20వ తేదీకి ముందు రోజుల్లో లెక్కలను కదిలించకండి. తరలించిన తరువాత కనీసం రెండు వారాలు పాత సర్వరును చదవడానికి మాత్రమే అందుబాటులో ఉంచి, ఖాతాల నిల్వలు, బ్యాచ్‌ల వారీగా మందుల సంఖ్య రెండు చోట్లా ఒకటిగా ఉన్నాయో లేదో పోల్చి, ఎకౌంటెంటు సంతకం తీసుకోండి. వేర్వేరు సంస్థల నుంచి రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు అవసరం. రోడ్డు తవ్వకాల్లో ఒక కేబుల్ తెగినా బిల్లింగ్ ఆగకూడదు.

ఖర్చు గురించి ముందే చూసుకోండి. సర్వరు అద్దెతో పాటు డిస్కు, బ్యాకప్, బయటికి పంపే డేటా, సాఫ్ట్‌వేరు లైసెన్సు, 18 శాతం జీఎస్టీ కలుస్తాయి. నెల బడ్జెట్‌లో సగం, ముప్పావు వంతు దాటినప్పుడు యజమానికీ ఎకౌంటెంటుకూ మెయిల్ వచ్చేలా మొదటి రోజే ఏర్పాటు చేయాలి. బిల్లు అకస్మాత్తుగా పెరగడం ఒక్కోసారి చొరబాటుకు తొలి గుర్తు కూడా, ఎందుకంటే దొంగిలించిన ఖాతాలలో క్రిప్టో నాణేలు తవ్వే సర్వర్లు నడపడం దుండగులకు అలవాటు. సేవ మానుకోదలచినప్పుడు మీ డేటా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో ఒప్పందంలో రాయించుకోండి.

సంఘటన జరిగిన రోజున ఎవరికి ఫోను చేయాలో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి: క్లౌడ్ సంస్థ సహాయ కేంద్రం, సాఫ్ట్‌వేరు మనిషి, ఆడిటరు, సెర్ట్‌-ఇన్, డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930. కంప్యూటరులో దాచిన జాబితా, కంప్యూటర్లే తెరుచుకోని రోజున పనికిరాదు.

చివరి పని పాత సర్వరుది. కొత్త ఏర్పాటు మీద ఒక ఆర్థిక సంవత్సరపు ఆడిట్ సజావుగా ముగిసేదాకా దానిని కరెంటుకు కలపకుండా బీరువాలో భద్రపరచండి. ఆ తరువాత డిస్కులను సాఫ్ట్‌వేరుతో పూర్తిగా చెరిపించి లేదా మీ కళ్లెదుటే పగలగొట్టించి, మిగిలిన యంత్రాన్ని గుర్తింపు ఉన్న ఈ-వ్యర్థాల సంస్థకు ఇచ్చి, రసీదు తీసుకొని ఫైలులో పెట్టండి.