ముసురు పడితే మొరాయించే షట్టర్: కారు షెడ్డు తలుపు సమస్యలు, పరిష్కారాలు

విశాఖలో మా ఇల్లు సముద్రానికి కిలోమీటరు లోపే. కారు షెడ్డుకు మొదట పెట్టించిన ఇనుప షట్టర్ ఆరేళ్లకే కింద జానెడు మేర తుప్పు పట్టి ఊడిపోయింది. పైన మాత్రం రంగు కూడా చెదరలేదు. కొత్తది వేయించాను. మూడో వానాకాలానికి అదీ సరిగ్గా అదే చోట ఎర్రబడింది. అప్పుడు గానీ కింద గచ్చు వైపు చూడాలని తోచలేదు. షట్టర్ మీద వాన పడితే పెద్ద నష్టమేం లేదు, వాన ఆగాక నీళ్లు ఎక్కడ నిలిచిపోతున్నాయన్నదే అసలు సంగతి. అది తేల్చుకోకుండా ఎంత ఖరీదైన షట్టర్ కొన్నా మళ్లీ మొదటికే వస్తుంది.

మన తీరంలో తడి రెండు విడతలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ వెంటనే అల్పపీడనాలు, వాయుగుండాలు. మధ్యలో ఎండ కాసినా గాలిలో ఉప్పు ఎక్కడికీ పోదు. షట్టర్‌లో అడ్డంగా ఉండే రేకు పట్టీల మడతల్లో చేరిన ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటూ ఉంటుంది కాబట్టి వాన లేని రోజు కూడా అక్కడ చెమ్మ ఆరదు. హైదరాబాదులో బంధువుల ఇంట్లో బాగుందని అదే రకం ఇక్కడ వేయించుకుంటే కుదరకపోవడానికి కారణం ఇదే.

కింది పట్టీలు మాత్రమే తుప్పు పడుతున్నాయి

షట్టర్ మూసి, బయట గడప పొడవునా చెంబుడు నీళ్లు పోయండి. పది నిమిషాలాగి చూడండి. నీళ్లు వీధి వైపు జారిపోతే గచ్చు బాగున్నట్టే. కింది పట్టీ వెంట గీతలా నిలిచినా, లోపలికి పాకినా దోషం గచ్చుదే.

తర్వాత రెండు పక్కల ఛానళ్ల, అంటే షట్టర్ చివరలు పైకీ కిందికీ జారే నిలువు గాడుల అడుగు చూడండి. గచ్చు చేసేటప్పుడు మేస్త్రీలు ఛానల్ కాళ్లను సిమెంటులో పాతేస్తారు. చూడ్డానికి నీటుగా ఉంటుంది, కానీ ఆ ఛానల్ అడుగు మూసుకుపోయి చిన్న గ్లాసులా తయారవుతుంది. మా ఛానల్ అడుగున చీపురుపుల్ల పెట్టి తిప్పితే నల్లటి బురద, తుప్పు పెంకులు, సగం కుళ్లిన వేపాకులు వచ్చాయి. అప్పటికి వాన పడి తొమ్మిది రోజులైంది, ఆ బురద ఇంకా తడిగానే ఉంది. షట్టర్ చివరలు రాత్రంతా నానేది అందులోనే.

ఉన్న షట్టర్‌కైతే ఛానల్ అడుగున బయటి వైపు గ్రైండర్‌తో వేలు పట్టేంత సందు కోయించండి, నీళ్లు బయటికి పోతాయి. కోసిన అంచుకు వెంటనే జింక్ ప్రైమర్ పూయాలి. కొత్తది వేయిస్తుంటే ఛానల్‌ను గచ్చుకు 10 మి.మీ. పైనే ఆపమనండి. గచ్చు మళ్లీ చేయిస్తే షట్టర్ వాలే చోటు లోపలి గచ్చు కన్నా 12 నుంచి 15 మి.మీ. పల్లంగా ఉండాలి, అక్కడి నుంచి వీధి వైపు మీటరుకు ఒక సెంటీమీటరైనా వాలు ఉండాలి. ఆ మాత్రం మెట్టు కారు చక్రానికి తెలియను కూడా తెలియదు.

రోడ్డు వేసినప్పుడల్లా రోడ్డు పైకి లేచి, ఇల్లు పల్లంలోకి పోవడం మన ఊళ్లలో మామూలే. అలాంటి చోట బయటికి వాలు ఇవ్వడం కుదరదు. షట్టర్ ముందు అడ్డంగా చిన్న కాలువ తవ్వించి, పైన జాలీ వేసి, నీళ్లను పక్కకు తిప్పాల్సిందే. వేరే దారి లేదు.

ఇక తుప్పు. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కండి. లోపలికి దిగితే ఆ పట్టీ పనైపోయినట్టే, రంగు పూసి దాచకండి. పట్టీలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని పక్కకు జారేలా ఉంటాయి కాబట్టి కింది రెండు మూడింటిని మాత్రమే మార్చవచ్చు. మొత్తం షట్టర్ తీసేయాలని ఎవరైనా చెబితే ఇంకొకరిని అడగండి. తుప్పు పైపైనే ఉంటే వైర్ బ్రష్‌తో గీకి, మంచినీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, జింక్ ప్రైమర్, దాని మీద ఎనామిల్ వేయండి. కడగడం మానేస్తే రంగు కింద ఉప్పు మిగిలిపోయి నెలల్లోనే బుడగలు లేస్తాయి. ముసురులో ఈ పని పెట్టుకోవద్దు, సంక్రాంతి తర్వాత చూసుకోండి.

వాన ఆగాక షెడ్డులో తడి కనిపిస్తోంది

రాత్రి షట్టర్ మూసేముందు లోపల, అంచు పొడవునా పాత న్యూస్‌పేపర్లు పరచండి. పొద్దున్నే ఎక్కడ తడిసిందో చూస్తే దారి తెలిసిపోతుంది. అంచు పొడవునా తడిస్తే కింది రబ్బరు ఎండకు గట్టిపడి గచ్చుకు ఆనడం లేదన్నమాట. రబ్బరు మారిస్తే చాలు. రెండు మూలలే తడిస్తే ఛానల్‌కూ గోడకూ మధ్య సందు ఉంది, బయటి వైపు నుంచి సిలికాన్ పట్టించాలి. లోపలి నుంచి పట్టిస్తే లీకు ఆగినట్టు కనిపిస్తుంది గానీ నీళ్లు గోడకూ ఇనుముకూ మధ్య నిలుస్తాయి. ఎదురు జల్లు కొట్టిన రోజే తడిస్తే పైన సన్‌షేడ్ చూడండి. దాని అడుగు అంచున నీటి గాడి లేకపోతే నీళ్లు స్లాబు అడుగునే పాకుతూ వచ్చి షట్టర్ చుట్టుకునే కవర్‌లో పడతాయి.

పేపర్లు ఎక్కడా తడవలేదు, కానీ పట్టీల లోపలి వైపు చిన్న చిన్న నీటి చుక్కలున్నాయా? అది లీకు కాదు, చెమ్మ. తడి కారు తెచ్చి, అన్నీ మూసేసి, తాళం వేస్తే అంతే. పై భాగంలో నాలుగైదు వరుసలు చిల్లుల పట్టీలు వేయించండి, లేదా ఎదురు గోడకు వెంటిలేటర్ పెట్టించండి.

ఎత్తడానికి బరువు, మధ్యలో పట్టేస్తోంది

ఇది చాలావరకు మన చేతులారా చేసుకునేదే. బిగుసుకుందని ఛానళ్ల నిండా గ్రీజు పూస్తాం. బీచ్ వైపు నుంచి వచ్చే సన్న ఇసుక దానికి అంటుకుని, నాలుగు రోజుల్లో గరుకు ముద్దవుతుంది. పట్టీ చివరలు దాన్ని గీరుకుంటూ పైకెళ్తాయి, జింక్ పూత అరిగిపోతుంది, ఆ అరిగిన చోటే తుప్పు మొదలు. ఛానల్‌ను కిరోసిన్ గుడ్డతో పూర్తిగా తుడిచేసి, సిలికాన్ స్ప్రే కొట్టండి. అది లేకపోతే కొవ్వొత్తి రుద్దినా పని జరుగుతుంది. గ్రీజు పైన బేరింగులకే.

శుభ్రం చేసినా బరువు తగ్గకపోతే షట్టర్‌ను నడుము ఎత్తున ఆపి, నెమ్మదిగా చేతులు వదులు చేయండి. అక్కడే నిలబడితే స్ప్రింగు బాగుంది. కిందికి జారిపోతుంటే స్ప్రింగు సడలింది. స్ప్రింగు జోలికి మాత్రం మీరు వెళ్లకండి. చుట్టి పెట్టిన స్ప్రింగు ఒక్కసారి జారితే చెయ్యి విరుగుతుంది. అది మెకానిక్ పని.

ముట్టుకుంటే షాక్ కొడుతోంది

ఈ ఒక్కటీ రేపటికి వాయిదా వేయకండి. మెయిన్ ఆపి, ఎవరూ షట్టర్ దగ్గరికి వెళ్లకుండా చూసి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. బయటి లైటు వైరో, మోటారు వైరో షట్టర్ కవర్ అంచుకు ఒరుసుకుని పై తొడుగు చిట్లి ఉంటుంది. పొడి రోజుల్లో ఏమీ తెలియదు, తడిస్తేనే కరెంటు పాకుతుంది. వైరును పైపులో వేయించాలి, షట్టర్ ఫ్రేముకు ఎర్త్ ఇప్పించాలి, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) పెట్టించాలి. మూడూ కావాలి.

మోటారు షట్టర్ వానాకాలంలోనే రిమోట్‌కు పలకకపోతే ముందు కంట్రోల్ బాక్సు విప్పించి చూడండి. చెమ్మ, చీమలు, ఒక్కోసారి బల్లి. బాక్సు తడి గోడ మీద ఉంటే చోటు మార్చి, వైర్లు కింది నుంచే లోపలికి వెళ్లేలా పెట్టించండి.

గాలికి దడదడ, పట్టీలు ఛానల్ నుంచి బయటికి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మా వీధిలో షట్టర్లు చేపల బుట్టల్లా వంగిపోయాయి. గాలి తోపుడును లెక్కవేసే ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం విశాఖకు తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద పడే తోపుడు సుమారు 150 కిలోలు. మూడు మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు ఉన్న మామూలు కారు షెడ్డు షట్టర్ మీద అది టన్నుకు పైమాటే, ఒక చిన్న కారును తెచ్చి తలుపుకు ఆనించినంత. పట్టీ మధ్యలో వంగుతుంది, వంగినప్పుడు చివరలు లోపలికి వస్తాయి, ఛానల్ లోతు తక్కువైతే ఊడిపోతాయి.

అందుకని ఛానల్ లోతు 65 మి.మీ.కు తగ్గకూడదు. పట్టీల చివర గాలికి పట్టి ఉంచే క్లిప్పులు ఉండాలి, అడిగి మరీ వేయించుకోండి. తుఫాను హెచ్చరిక ఉంటే రెండు పక్కల తాళాలూ వేసేయండి. ఒకవైపే వేస్తే రెండో మూల నుంచి గాలి దూరుతుంది.

సరే, కొత్తదే వేయించాలి. ఏది?

మామూలు ఇనుము మీద పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి, వేడితో కరిగించి అంటించే పూత) సముద్రం దగ్గర వద్దు. షట్టర్ అన్నాక పట్టీ పట్టీకి రాసుకుంటుంది, రాసుకున్న చోట పూత పోతుంది. నా ఓటు జీఐ (జింక్ పూత పూసిన ఇనుము) పట్టీలకు, వాటి మీద పౌడర్ కోటింగ్‌కు. జీఐ అంటే సరిపోదు, జింక్ ఎంతో అడగండి. 120 జీఎస్ఎం రేకు ఇంట్లో అల్మారాకు చాలు. ఇక్కడికి 275 కావాలి, అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 275 గ్రాముల జింక్. ఆ అంకె బిల్లు మీద రాయించుకోండి. మందం కూడా మి.మీ.లోనే రాయించండి. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది: 18 గేజ్ అంటే 1.2 మి.మీ., 20 అంటే 0.9, 22 అంటే 0.7. కారు షెడ్డుకు 20 కన్నా పలచన తీసుకోవద్దు, వెడల్పు మూడున్నర మీటర్లు దాటితే 18.

అల్యూమినియం తేలిక, ఎర్ర తుప్పు రాదు, మోటారుకు శ్రమ తక్కువ. కానీ పిల్లల బంతి తగిలినా సొట్ట పడుతుంది. పచ్చి సిమెంటు తగిలితే తెల్లగా పొడిబారుతుంది. దానికి ఇనుప స్క్రూలు కొడితే ఉప్పు తడిలో ఆ చోటు తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు, మధ్యలో నైలాన్ వాషర్లు వాడాలి. స్టీల్ అంటే గుర్తొచ్చింది, 304 రకం కూడా బీచ్ దగ్గర టీ మరకల్లాంటి తుప్పు చుక్కలు పట్టేస్తుంది. 316 ఆగుతుంది, జేబు ఆగదు. నేను కింది పట్టీ ఒక్కటే 316 వేయించాను.

సీలింగు కిందికి జారిపోయే సెక్షనల్ తలుపు జల్లును అన్నిటికన్నా బాగా ఆపుతుంది, నాలుగు వైపులా రబ్బరు ఉంటుంది కాబట్టి. అయితే రోలర్లు, కీళ్లు ఎక్కువ, వాటిని చూసుకునే ఓపిక ఉండాలి. మోటారు పెట్టిస్తే చేత్తో తిప్పే గొలుసు తప్పనిసరి. హుద్‌హుద్ తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు.

బిగించే రోజు దగ్గరుండి చూడాల్సినవి

జీఐ మీద వెల్డింగ్ పెట్టిన చోటల్లా జింక్ కాలిపోతుంది. మసి గీకి జింక్ ప్రైమర్ పూసేదాకా వదలకండి. కోసిన పట్టీ చివరలకూ అంతే, అక్కడ ఇనుము బయటపడి ఉంటుంది. గ్రైండర్ రజను అదే సాయంత్రం ఊడ్చేయాలి, లేకపోతే తెల్లారేసరికి షట్టర్ నిండా ఎర్ర చుక్కలు. ఛానల్‌కు తూకపు గుండు పట్టి చూడండి, రెండు మూలల నుంచి ఐమూలగా కొలిచి రెండు కొలతలూ కలుస్తున్నాయో లేదో చూడండి.

నాకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మా రెండో షట్టర్ బిగించిన వారానికి టైల్స్ మరకలు పోవాలని మేస్త్రీ గచ్చును యాసిడ్‌తో కడిగాడు. ఆ ఆవిరికే ఛానల్ అడుగున జింక్ తెల్లబారి లేచిపోయింది. యాసిడ్ కడుగుడు ఏమైనా ఉంటే షట్టర్ రాకముందే ముగించాలి.

చివరి విడత డబ్బు చేతిలోనే ఉంచుకుని, మేడ మీద నుంచి పైపు పెట్టి పావుగంట సేపు షట్టర్ మీద నీళ్లు కొట్టించండి. లోపల న్యూస్‌పేపర్లు పరిచి ఉంచండి.