బాక్స్ ఎన్ వ్యాగన్ మోడల్‌కు తుప్పు, మసి పట్టించడం

చెన్నై కొరుక్కుపేట ప్లాట్‌ఫాం మీద నిలబడి ఒక్క గూడ్స్ బండిని చివరిదాకా చూస్తే తెలుస్తుంది, తుప్పు ఎక్కడ పడితే అక్కడ పట్టదని. బొగ్గు మోసే, పైకప్పు లేని బాక్స్ ఎన్ వ్యాగన్‌కు అది కింది అంచున, తలుపుల సందుల్లో, నిలువు పట్టీల అడుగున మొదలవుతుంది. తడి బొగ్గు నిలిచేది అక్కడే. దాని తర్వాతి రకం బాక్స్ ఎన్ హెచ్ఎల్ బాడీ మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు. దానికి నిలువెల్లా తుప్పు పులిమితే తెలిసినవాళ్లు నవ్వుతారు. మసి, దుమ్ము చాలు.

కింది కొలతలు హెచ్ఓ స్కేల్, అంటే 1:87 మోడల్‌కు. చక్రాలు, కప్లర్లు ఊడదీసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన నీళ్లతో బాడీ కడగండి. వేలి జిడ్డు మిగిలిన చోట రంగు పూసలు కడుతుంది. రాత్రంతా ఆరాక మ్యాట్ వార్నిష్ ఒక పలుచని కోటు కొట్టండి, నున్నటి ప్లాస్టిక్ మీద పొడి నిలవదు కాబట్టి. చెన్నైలో తంటా అంతా ఈ స్ప్రే దగ్గరే. అక్టోబరు, నవంబరు వానల్లో కొడితే గాలిలో తేమ చిక్కి కోటు తెల్లగా పాలిపోతుంది. ఎండ కాసిన మధ్యాహ్నం మళ్లీ పలుచగా కొడితే చాలావరకు పోతుంది.

ఇక మురికి నీళ్లు. బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) అక్రిలిక్ ఒక చుక్కకు పది చుక్కల నీళ్లు. వ్యాగన్‌ను పక్కకు పడుకోబెట్టి ఒక్కో వైపూ పూయండి. రెండు నిమిషాలాగి, తడి ఇయర్‌బడ్‌తో పైనుంచి కిందికి మాత్రమే తుడవండి. వాన నీరు అడ్డంగా కారదు కదా! నిలబెట్టి పూస్తే నీళ్లన్నీ అడుగుకు చేరి, ఆరాక చారలా గట్టిపడతాయి. ఓవర్‌హాల్ తేదీ రాసే చోట కొత్త పెయింటు ఉంటుంది గనక ఆ గడిని ముందే టేపుతో మూసేయండి.

తుప్పుకు బర్న్ట్ సియన్నా, అంటే ఎర్రటి గోధుమ రంగు. చింపిన స్పాంజి ముక్కతో అద్ది, కాగితం మీద దాదాపు ఆరేదాకా ఒత్తి, ఆ మిగిలినదాన్నే అంటించండి. బొగ్గు మసికి నల్ల సాఫ్ట్ పాస్టెల్‌ను బ్లేడుతో గీకిన పొడి వాడండి, ఆయిల్ పాస్టెల్ పనికిరాదు. బొగ్గు దించే టిప్లర్ యంత్రంలో వ్యాగన్ బోర్లించినప్పుడు మసి పై అంచు మీదుగా జారుతుంది. అక్కడ కాస్త ఎక్కువ పడాలి. వార్నిష్ మళ్లీ కొడితే పొడి బాగా వెలిసిపోతుంది, అందుకే లోపలి పక్కకు కొట్టకుండా వదిలేయడమే మేలు.

చక్రాల ముఖానికి రంగు వేయండి గానీ, పట్టా మీద దొర్లే భాగానికీ ఇరుసు మొనలకూ తగలనివ్వకండి. అది ఊడి పట్టాలకు అంటితే ఇంజను ఆగి ఆగి నడుస్తుంది.