తెడ్డు చెక్కేవారికి హెచ్చరిక: బాడిశ దిగే దారిలో కాలు ఉంచకండి

మృగశిర కార్తె దగ్గరపడుతుండడంతో పాకాల, లక్నవరం చెరువుల చుట్టుపక్కల ఊళ్లలోనూ, ఏటూరునాగారం వైపు గోదావరి ఒడ్డునా పడవల మరమ్మతులు, కొత్త తెడ్ల తయారీ మొదలయ్యాయి. గత వారం మా మండలంలో ఒక యువకుడు తెడ్డు చెక్కుతూ మోకాలి కింద ఎముక కనిపించేంత లోతున గాయపరచుకున్నాడు. బాడిశ (పిడికి అడ్డంగా అంచు ఉండే, కర్ర చెక్కే పనిముట్టు) పదునుగానే ఉంది, కర్ర కూడా మంచిదే. తప్పంతా కర్రను కాలితో తొక్కిపట్టడంలోనే ఉంది.

మన వడ్రంగులు నేలమీద కూర్చుని, కర్రను పాదంతో అదిమి, బాడిశను తమవైపే దించుతూ చెక్కుతారు. చిన్ననాటి నుంచి అదే పనిలో ఉన్నవారి దెబ్బ పొట్టిగా, మణికట్టు నుంచి వస్తుంది కనుక వారికి అది చెల్లుతుంది. చూసి నేర్చుకున్నవారు భుజం నుంచి ఊపుతారు. ఆ ఊపులో అంచు ఒక ముడికి తగిలి జారితే, దానికి ఎదురుగా ఉండేది కాలే. పైగా ఈ ప్రమాదం పని మొదట్లో కంటే చివర్లోనే ఎక్కువగా జరుగుతుంది. రెండు అంగుళాల మందం ఉన్న పలక మొదట నేలమీద కదలకుండా కూర్చుంటుంది. పిడి భాగం నాలుగు ముఖాల నుంచి ఎనిమిది ముఖాలకు, అక్కడి నుంచి గుండ్రానికి వచ్చేకొద్దీ అది పాదం కింద దొర్లడం మొదలుపెడుతుంది. అప్పటికి చేయి అలసి ఉంటుంది, పని అయిపోవచ్చిందన్న తొందర కూడా ఉంటుంది.

అందువల్ల రెండు మొద్దులకు గాడి తీసి, పలకను వాటిపై ఉంచి, తాడుతో బిగించిన తర్వాతే బాడిశ పట్టాలి. ముందుగా పలకపై గీసుకున్న తెడ్డు ఆకారపు గీత వరకు అడ్డంగా రంపపు గాట్లు పెట్టుకుంటే ముక్కలు చిన్న దెబ్బకే ఊడివస్తాయి, భుజం ఎత్తవలసిన అవసరమే రాదు. పిడిని గుండ్రంగా చేయడానికి బాడిశ అక్కరలేదు. రంద (చిత్రిక పట్టే పనిముట్టు), ఆకురాయి చాలు.

ఇక కర్ర విషయం. గుమ్మడి టేకు తేలిక, టేకు గట్టి. ఏదైనా కోత మిషన్ దగ్గరే కొనండి, అభయారణ్యంలో చెట్టు కొట్టడం నేరం. నార (కర్రలో కనిపించే చారలు) పొడవునా నేరుగా సాగాలి. పిడి రెక్కతో కలిసే మెడ దగ్గర నార ఏటవాలుగా పక్కకు పోతే ఆ పలకను వదిలేయండి, ఎందుకంటే అది విరిగేది చెరువు నడుమనే.

బాడిశ పిడి వదులుగా ఉంటే చీల కొట్టి బిగించండి. నీళ్లలో నానబెట్టి సరిపెట్టుకోకండి, ఎండగానే మళ్లీ వదులవుతుంది. మొద్దుబారిన ఉలితో పని చేయకండి. అది కోయదు, జారుతుంది. ఉలి ముందు రెండో చేయి ఉంచకండి. లుంగీ వేలాడనివ్వకండి. రబ్బరు చెప్పులు బాడిశను ఆపలేవు, బూట్లు వేసుకోండి. ఎదురుగా పిల్లలను కూర్చోబెట్టకండి. చీకటి పడ్డాక చెక్కకండి. తాగి అసలే ముట్టకండి. తాడు వదులైతే ఆగి బిగించండి, ఒక్క దెబ్బే కదా అని కాలు పెట్టకండి. ఎంత అనుభవం ఉందనుకున్నా కాలితో తొక్కిపట్టకండి. అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి మూలకు పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా పరచి ఆరబెట్టండి.

గాయమైతే పసుపు, టీ పొడి అద్దకండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, తీసి చూడకుండా 10 నిమిషాలు పట్టుకోండి. రక్తం ఆగకపోతే అదిమి ఉంచుతూనే 108కు ఫోన్ చేయించండి. గాయం చిన్నదైనా ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి ఆ రోజే ఆసుపత్రిలో అడగండి.