విమానం బదులు రైలు: బెర్తు దొరికేలా ప్రయాణం వేసుకోవడం ఎలా?

హైదరాబాద్ నుంచి విశాఖకో బెంగళూరుకో విమానంలో వెళ్లేవాళ్లలో చాలామందికి రైలంటే అయిష్టమేమీ లేదు. బెర్తు దొరకదు, అంతే. రేపటి విమానానికి ఇవాళ టికెట్టు కావాలన్నా, డబ్బు పెడితే వస్తుంది. రైల్లో ఆ వెసులుబాటు లేదు. అందుకే గాలిలోకి మనం వదిలే పొగ తగ్గాలని మనసారా కోరుకునేవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది రిజర్వేషన్ పని.

ఎంత తగ్గుతుంది?

కిలో విమాన ఇంధనం మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ కూడా కలుస్తుంది కాబట్టి మండిన ఇంధనం కంటే బరువు పెరుగుతుంది. 180 సీట్ల విమానం హైదరాబాద్ నుంచి విశాఖ చేరేసరికి ఉరామరిగా రెండున్నర టన్నుల ఇంధనం కాలుస్తుంది. సీట్లు దాదాపుగా నిండినా తలా 45 నుంచి 50 కిలోలు పడుతుంది. పైకి లేచేటప్పుడే ఇంధనం బాగా ఖర్చవుతుంది కనుక, దూరం తగ్గేకొద్దీ కిలోమీటరుకు పడే భారం పెరుగుతుంది. అంటే రైలుతో సులువుగా మార్చుకోగల దగ్గరి ప్రయాణాల్లోనే విమానం చేసే చెరుపు ఎక్కువ.

కరెంటు రైలుకూ పొగ ఉంది, అది మనకు కనబడదు. మన గ్రిడ్‌లో బొగ్గు కరెంటే ఎక్కువ. యూనిట్‌కు 0.7 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ లెక్కకు వస్తుంది. అదంతా కలుపుకున్నా, నిండుగా నడిచే 22 బోగీల రైల్లో విశాఖ వరకు తలా 10 కిలోల చుట్టుపక్కలే తేలుతుంది. ఇవి ఉజ్జాయింపు అంకెలు. కానీ తేడా నాలుగైదు రెట్లు ఉన్నప్పుడు కిలో అటూఇటూ అయినా నిర్ణయం మారదు.

రైల్లోనూ ఏ తరగతి అనేది లెక్కలోకి వస్తుంది. కొత్తరకం ఎల్‌హెచ్‌బీ బోగీల్లో థర్డ్ ఏసీకి 72 బెర్తులుంటే, ఫస్ట్ ఏసీకి 24. అదే బోగీని లాగడానికి అయ్యే కరెంటును 72 మంది పంచుకోవడం వేరు, 24 మంది పంచుకోవడం వేరు. స్లీపర్, థర్డ్ ఏసీ, థర్డ్ ఏసీ ఎకానమీ ఈ మూడింటిలో ఏది దొరికినా మంచిదే.

1. మార్చదగిన ప్రయాణాలు ఎంచుకోండి

అన్నీ ఒక్కసారే మార్చాలని పెట్టుకుంటే నిలబడదు. ఏడాదిలో మీరు చేసిన విమాన ప్రయాణాలు రాసుకుని, ఒక్కోదానికి ఇంటి గుమ్మం నుంచి అవతలి గుమ్మం దాకా పట్టిన సమయం వేయండి. గాల్లో ఉన్నది గంటంబావే అయినా, శంషాబాద్ దాకా ప్రయాణం, తనిఖీలు, నిరీక్షణ, అవతల బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి నుంచి ఊళ్లోకి రావడం కలిపితే ఐదారు గంటలు ఇట్టే అవుతుంది.

700 కిలోమీటర్ల లోపు ప్రయాణాలు ముందు మార్చండి. సికింద్రాబాద్ – విశాఖ, కాచిగూడ – యశ్వంత్‌పూర్ వందే భారత్‌లు రెండూ ఎనిమిదిన్నర గంటలకు అటూఇటూగా చేరుస్తాయి. కానీ పగలంతా పోతుంది. పని ఉన్నవాళ్లకు రాత్రి రైలే మేలు. నాంపల్లిలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. నిద్రపోయే గంటల్ని ప్రయాణం కింద లెక్కెయ్యనక్కర్లేదు, ఒక రాత్రి హోటల్ ఖర్చు కూడా మిగులుతుంది. చెన్నై, ముంబై, తిరుపతి కూడా రాత్రి రైలు దూరాలే.

ఢిల్లీ వేరు. రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లినా ఒక రాత్రి, దాదాపు ఒక పగలు పడుతుంది. రెండువైపులా కుదరకపోతే ఒకవైపైనా రైల్లో రండి. ఆ ఒక్క వైపుతోనే విశాఖ ప్రయాణంలో కంటే ఎక్కువ ఆదా అవుతుంది.

2. స్టేషన్ పేరు సరిచూసుకోండి

హైదరాబాద్ రైళ్లు సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి, చర్లపల్లి అని ఐదు చోట్ల నుంచి బయల్దేరతాయి. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం మొదలయ్యాక కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి. అక్కడికి మెట్రో లేదు కాబట్టి గంట ముందుగా బయల్దేరాలి. వెతికేటప్పుడు ఐదు పేర్లూ వేసి చూడండి, ఒకచోట లేని బెర్తు మరోచోట ఉంటుంది.

విశాఖకూ ఇదే చిక్కు. స్టేషన్‌లోకి వచ్చిన రైలుకు ఇంజను రెండోవైపు తగిలించి వెనక్కి తీసుకెళ్లాలి కనుక, చెన్నై – హౌరా దారిలో కొన్ని రైళ్లు విశాఖలోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయి. తిరుపతికి వెళ్లేవాళ్లు రేణిగుంట కూడా వేసి వెతకాలి.

3. అరవయ్యో రోజు ఉదయం 8 గంటలకు సిద్ధంగా ఉండండి

2024 నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ప్రయాణ తేదీ ఈ లెక్కలోకి రాదు. ఆధార్‌తో ధ్రువీకరించని ఐఆర్‌సీటీసీ (రైలు టికెట్ల వెబ్‌సైట్) ఖాతాకు బుకింగ్ తెరిచిన వెంటనే టికెట్టు తీసుకునే వీలు లేదు. కాబట్టి ఆ పని వారం ముందే ముగించండి. ప్రయాణికుల పేర్లు, వయసులు ఖాతాలో ముందే నింపి పెట్టుకుంటే ఆ పూట రెండు మూడు నిమిషాలు కలిసొస్తాయి. పండగ రోజుల్లో అవే కీలకం.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. మొదటిది, 60 రోజులు మీరు ఎక్కే తేదీ నుంచి కాదు, రైలు తన మొదటి స్టేషన్‌లో బయల్దేరే తేదీ నుంచి. హౌరాలో పదో తేదీన బయల్దేరి పదకొండున రాజమండ్రికి వచ్చే రైలుకు, రాజమండ్రివాళ్లకూ పదో తేదీ లెక్కలోనే బుకింగ్ తెరుచుకుంటుంది. ఒకరోజు ఆలస్యంగా చూస్తే వెయిటింగ్ లిస్టే మిగులుతుంది. రెండోది అర్ధరాత్రి రైలు. 15వ తేదీ 00:20 అని ఉంటే 14వ తేదీ రాత్రి స్టేషన్‌కు వెళ్లాలి. దీన్ని తప్పుగా చదివి రైలు పోగొట్టుకున్నవాళ్లు, ఆ తర్వాత విమానమే ఎక్కుతారు.

పెద్దవాళ్లను తీసుకెళ్తున్నారా? 60 ఏళ్లు దాటిన పురుషులు, 45 దాటిన స్త్రీలు ఒంటరిగా గానీ ఇద్దరుగా గానీ వెళ్తుంటే లోయర్ బెర్తు కోటా ఎంచుకోవచ్చు. అందరినీ ఒకే టికెట్టులో కలిపేస్తే ఆ కోటా పోతుంది.

4. వెయిటింగ్ లిస్టును చదవడం

అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం, దాని ముందున్న అక్షరాలు చూడాలి. జీఎన్‌డబ్ల్యూఎల్ అంటే రైలు బయల్దేరే స్టేషన్ నుంచి ఇచ్చే సాధారణ కోటా. క్యాన్సిల్ అయ్యే టికెట్లు ఇందులోనే ఎక్కువ కాబట్టి ఖాయమయ్యే అవకాశమూ దీనికే ఎక్కువ. పీక్యూడబ్ల్యూఎల్, ఆర్ఎల్‌డబ్ల్యూఎల్ మధ్య స్టేషన్ల చిన్న కోటాలు, మెల్లగా కదులుతాయి. తత్కాల్ (ముందురోజు అమ్మే టికెట్లు) వెయిటింగ్ అయిన టీక్యూడబ్ల్యూఎల్‌కు ఆర్ఏసీ (ఒక బెర్తును ఇద్దరు పంచుకుని కూర్చునే టికెట్టు) కూడా రాదు.

మధ్య ఊళ్లవాళ్లకు ఒక దారి ఉంది. మొదటి స్టేషన్ నుంచి టికెట్టు తీసుకుని, బోర్డింగ్ స్టేషన్‌ను మీ ఊరికి మార్చుకోవడం. ఆ దూరానికి అదనపు చార్జీ మీదే. మార్చకుండా ఊరికే మీ ఊళ్లో ఎక్కుదామనుకుంటే మాత్రం, రాలేదని రాసుకుని టీటీఈ ఆ బెర్తును ఆర్ఏసీవాళ్లకు ఇచ్చేయవచ్చు.

చార్టు (ఎవరికి ఏ బెర్తో తేల్చే తుది జాబితా) తయారయ్యాక కూడా ఆన్‌లైన్ టికెట్టు వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది. దాంతో రిజర్వుడు బోగీ ఎక్కకూడదు. ఉదయం రైళ్లకు చార్టు ముందురోజు రాత్రే వస్తుంది. ఆ తర్వాత మిగిలిన బెర్తులను కరెంట్ బుకింగ్‌లో అమ్ముతారు. పండగ కాని మామూలు రోజుల్లో అక్కడ తప్పక చూడండి.

తత్కాల్ ముందురోజు ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కు 11కి తెరుచుకుంటుంది. ఇదీ మొదటి స్టేషన్ తేదీ లెక్కే. ఖాయమైన తత్కాల్‌ను మీరు రద్దు చేసుకుంటే డబ్బు రాదు.

5. ఆలస్యానికి చోటు ఉంచండి

డిసెంబర్, జనవరిల్లో ఉత్తరాది పొగమంచుకు ఢిల్లీ రైళ్లు గంటలకొద్దీ ఆగుతాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు తుపాను వస్తే కోస్తా లైన్‌లో రైళ్లు రద్దవుతాయి. దిగిన రెండు గంటల్లోనే పెళ్లి ముహూర్తమో ఇంటర్వ్యూనో ఉంటే ఆ రైలు వద్దు, ముందు రైలు పట్టుకోండి. రైలు మారాల్సి వస్తే మధ్యలో కనీసం మూడు నాలుగు గంటలు ఉంచుకోవాలి.

మీరు ఎక్కే స్టేషన్‌కు రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, ప్రయాణం మానుకుంటే చార్జీ మొత్తం వెనక్కి వస్తుంది. కానీ రైలు అక్కడి నుంచి కదిలేలోపే టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) దాఖలు చేయాలి. చాలామంది ఇంటికెళ్లాక చేద్దామనుకుని డబ్బు పోగొట్టుకుంటారు. బోగీలో ఏసీ, నీళ్లు, శుభ్రత ఫిర్యాదులకు 139.

6. ఆఫీసుతో మాట్లాడండి

కొన్ని సంస్థల్లో విమానం టికెట్టుకు ప్రశ్న లేకుండా డబ్బిస్తారు, సెకండ్ ఏసీకి మాత్రం అనుమతి అడగాలి. 700 కిలోమీటర్ల లోపు రైలును కూడా సమానంగా అనుమతించమని, రాత్రి ప్రయాణం చేసినవాళ్లు మర్నాడు గంటన్నర ఆలస్యంగా రావచ్చని రాతపూర్వకంగా అడగండి. మీటింగ్ తేదీలు ముందే ఖరారు చేయించడం అన్నిటికంటే ముఖ్యం. వారం ముందు చెప్పే మీటింగ్‌కు రైలు దొరకదు.

7. తిరుగు టికెట్టు

ఎక్కువ ప్రణాళికలు చెడేది ఇక్కడే. నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చే రైలుకు బుకింగ్ నాలుగు రోజుల తర్వాతే తెరుచుకుంటుంది, ఆలోగా సంగతి మరిచిపోతాం. చివరికి వెళ్లేది రైల్లో, వచ్చేది విమానంలో. వెళ్లే టికెట్టు చేతికి రాగానే, తిరుగు రైలు తెరుచుకునే రోజు ఉదయం 7:45కు ఫోన్‌లో అలారం పెట్టేయండి.